గ్రామారోగ్య సేవకుల శిక్షణము

ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు 2003-04 సంవత్సరములలో ఒక యేటి కాలమున సంభవించిన మరణములకు కారణము లేవియో పరిశోధకులు ఇంటింటికిని పోయి విచారించి లెక్కగట్టిరి. ఆ యేడు మరణించినవారు 1,354 మంది. వీరిలో ఇంచుమించుగా మూడవవంతు గుండెజబ్బుచేతను, పక్షవాతముచేతను, రక్తనాళములకు సంబంధించిన యితర వ్యాధులచేతను గతించిరి. అంటురోగములకు బలియైనవారు నూటికి 12 మంది మాత్రమే. పల్లెను కబళించునవి జ్వరములును విషూచియు ననియు, గుండెపోటు పట్టణములలోని సుఖజీవుల సొత్తనియు నమ్మియుండినవారికి 2006లో ఈ లెక్క ప్రకటితమైనప్పుడు కనువిప్పు కలుగవలసియుండెను. కలిగినదని నేటికిని చెప్పజాలకున్నాము.

ఆ నాటినుండి వ్యాధి పెరిగినదే కాని తరుగలేదు. భారత వైద్యపరిశోధన మండలి పూనికతో దేశమంతట జరిగిన పరిశీలన యొకటి 2023లో వెలువడినది. దాని ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్ల 10 లక్షల మంది. ఇంకను వ్యాధి పట్టుబడక దాని గడపయొద్ద నిలిచియున్నవారు 13 కోట్ల 60 లక్షలు. రక్తపుపోటు గలవారు 31 కోట్లకు పైబడిరి. ఇంతమందికి పెద్దాసుపత్రులలోని నిపుణులు వైద్యము చేయుట కలలోని మాట. ఈ వ్యాధులు మందుచీటితో ముగియునవి కావు. రోగి తినునది, త్రాగునది, నడచునది, నిద్రించునది, యన్నియు వ్యాధిలో భాగములే. వైద్యుడు రోగిని సంవత్సరమునకు నాలుగు పర్యాయములు చూచి, చూచినప్పుడెల్ల పది నిమిషములు మాటలాడినను, తక్కిన యేడంతయు రోగి తన వంటయింటితోడను, తన యలవాట్లతోడను ఒంటరిగ పోరాడవలసినవాడే. ఆ పోరాటమున నాతనికి దగ్గరగ నిలువగలవా రెవరు? ఊరిలోనే యుండు ఆశా కార్యకర్తయు, ఉపకేంద్రమునందలి నర్సును, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు సిబ్బందియు. వీరికి మన మేమి నేర్పుచున్నాము, ఏమి నేర్పవలసియున్నది యనునదే నేటి ప్రశ్న.

ప్రభుత్వము ఏమియు చేయలేదని నిందించుట న్యాయము కాదు. 2005లో గ్రామీణారోగ్య ఉద్యమముతో సుమారు వేయిమందికి ఒక ఆశా కార్యకర్త చొప్పున నియమింపబడిరి. 2010లో మధుమేహము, గుండెజబ్బు, కాన్సరు, పక్షవాతముల నివారణకై జాతీయ కార్యక్రమ మేర్పడెను. 2018 మొదలుకొని ఉపకేంద్రములను ఆరోగ్యకేంద్రములుగ మార్చి, వానియందు ఆరు నెలల ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులను నియమించు పద్ధతి వచ్చెను. ముప్పది యేండ్లు నిండిన ప్రతి స్త్రీపురుషునకు రక్తపుపోటును, చక్కెరను పరీక్షింపవలెనను నియమము గలదు. కాగితముపై నింతకంటె కోరదగిన దేమున్నది?

కాగితమును విడిచి యూరిలోనికి పోయి చూడవలయును. ఆశా కార్యకర్త పట్టికను చేతబట్టుకొని గడపయొద్దకు వచ్చును. వయసెంత, పొగ త్రాగుదురా, మద్యము పుచ్చుకొందురా, వారమునకు 150 నిమిషములైన శరీరశ్రమ కలదా, తల్లిదండ్రులకు ఈ జబ్బు లుండెనా యని యడుగును. నడుమునకు టేపు చుట్టి పురుషునకు 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 దాటినదా యని చూచును. మార్కులు వేసికొని, హెచ్చుగ వచ్చినవారిని పరీక్షకు రమ్మనును. పరీక్షలో వ్యాధి తేలినపిమ్మట నర్సు మాత్రలిచ్చి, "అన్నం తగ్గించండి, ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి" యని మూడు మాటలు చెప్పి పంపును. రోగి తలయూచి పోవును. మరునెల మాత్రలకై వచ్చినప్పుడు అవే మూడు మాటలు, అదే తలయూపు. రిజిస్టరులో మాత్రము "సలహా యిచ్చితిమి" అని వ్రాయబడును. ఈ వ్రాత యబద్ధము కాదు, సలహా ఇచ్చిన మాట నిజమే. రోగి బ్రతుకులో ఏమి మారినదో వ్రాయుటకు ఆ రిజిస్టరులో గడి లేదు.

అన్నము తగ్గింపుమనుట సులభము. ఎవ్వరు తగ్గింపవలెను, దేనితో పూరింపవలెను? మన డెల్టా ప్రాంతములలో భోజన మనగా నన్నమే. మెట్టసీమలలో నొకప్పుడు జొన్నసంకటియు, సజ్జ రొట్టెయు, చోడి యంబలియు ప్రధానాహారముగ నుండెను. 1983లో కిలో రెండురూపాయల బియ్యము వచ్చినపిమ్మట పేదవాని కంచములోనికి తెల్లని వరియన్నము మూడుపూటల ప్రవేశించినది. ఆకలి తీరినది, అది గొప్ప మేలే. దానిని తప్పుపట్టు ధైర్యము మాకు లేదు, అట్టి యుద్దేశమును లేదు. కాని పప్పు, కూర, పెరుగు ఆ నిష్పత్తిలో కంచమునకు రాలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో, దేహమునకు వలయు శక్తిలో ధాన్యముల వాటా నూటికి 45 మించరాదనియు, మన ప్రజలలో నది 50 మొదలు 70 వరకు నున్నదనియు వ్రాసిరి. కూలివానికి అన్నము తగ్గించుమని చెప్పిన, ఆతడు పప్పు ధరను తలంచుకొని లోలోన నవ్వుకొనును. మోతుబరి రైతునకు అదే మాట చెప్పిన, ఆయనకు పప్పునకును కూరకును కొరత లేదు గాని, నాలుగుసార్లు వడ్డింపనిదే భోజనమైనట్లు తోచని యలవాటు గలదు. ఇరువురకు ఒకే మాట చెప్పు శిక్షణము శిక్షణము కాదు.

ఉప్పు సంగతి యింకను చిక్కైనది. ప్రపంచ ఆరోగ్యసంస్థ దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, చాలునన్నది. మన దేశమున సగటున తినునది ఎనిమిది గ్రాములు. ఆవకాయ, మాగాయ, గోంగూరపచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడములు, వడియములు, తీరమున ఎండుచేపలు గల మన యిండ్లలో అంతకు తక్కువ యుండునని మేమనుకొనము. పోటు ఆయనకు, ఉప్పు వేయునది ఆమె. కేంద్రమునకు వచ్చి తలయూచిన మగవాడు ఇంటికి పోయి భార్యతో ఆ సంగతి చెప్పునో లేదో! చెప్పినను, చప్పిడి కూర యని మొదట కసరుకొనునది కూడ నాతడే. కావున ఉప్పును గూర్చి మాటలాడదలచిన సేవకురాలు పొయ్యియొద్ద కూర్చుండి, ఊరగాయ జాడీని చూచి, అత్తతోడను కోడలితోడను మాటలాడవలయును. దీనికి రోగము తెలిసిన చాలదు, సంసారము తెలియవలయును.

నడకయు నంతే. పగలెల్ల వరి నాట్లు వేసి వచ్చిన స్త్రీకి "నడవండి" యని చెప్పుట పరిహాసము. ఒకప్పుడు పొలము గట్లవెంట ప్రొద్దున కోసెడు నడచి వచ్చిన కామందు నేడు గట్టువరకు మోటారుసైకిలుపై పోయి, దిగకయే నీరు పారుటను చూచి మరలుచున్నాడు. నడక చెప్పవలసినది వారికి. పట్టణములో గృహిణికి చీకటిపడినపిమ్మట వీధిలో నడచుటకు దీపము లేదు, కాలిబాట లేదు, కుక్కల బెడద వేరు. ఈ చిక్కులు వినకయే చెప్పిన సలహా గోడకు చెప్పినట్లగును.

ఇక పొగాకు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరమున వృద్ధస్త్రీలు చుట్ట నిప్పువైపు నోటిలో నుంచుకొని పీల్చు అడ్డపొగ అలవాటు లోకమునకు వింత, అంగిలి కాన్సరునకు మూలము. ఎర్నాకుళము, భావనగరము, శ్రీకాకుళము జిల్లాలలో 36 వేల మంది పొగాకు వాడుకరులకు ఏటేట కలిసి నచ్చచెప్పిన యొక ప్రయత్నపు ఫలితములు 1986లో ప్రకటితమైనవి. నచ్చచెప్పబడినవారిలో అలవాటు మానినవారు, తగ్గించినవారు ఎక్కువైరి. నిరక్షరాస్యులైన ముదుసలులు మారరను వాదమునకు ఇంతకంటె జవాబు అక్కరలేదు. అయితే ఒకనాడు చెప్పి విడిచిపెట్టలేదు, మరల మరల పోయిరి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురుగాక.

అలవాట్లు మార్చిన వ్యాధి నిజముగ తగ్గునా యను సందేహము తీరి చాలకాలమైనది. 1986లో చైనాలోని డాచింగ్ నగరమున మొదలైన ప్రయోగమును, 2001లో ఫిన్లండు, 2002లో అమెరికా ప్రకటించిన ఫలితములును ఒకేమాట చెప్పుచున్నవి. మనకు దగ్గరగ చెన్నపట్టణమున డాక్టరు రామచంద్రన్ గారు మధుమేహమునకు ముందరి స్థితిలోనున్న 531 మందిపై మూడేండ్లు పరిశోధించి 2006లో లెక్క తెలిపిరి. ఏమియు విశేషముగ చేయని వర్గములో నూటికి 55 మందికి మధుమేహము పట్టగా, తిండిలోను శ్రమలోను మార్పు నేర్పిన వర్గములో 39 మందికే పట్టెను. మందు మాత్రమే యిచ్చిన వర్గములో 40 మందికి పట్టెను. మాత్ర చేసిన మేలును మాటయు చేసినదని దీని యర్థము.

ఇచట న్యాయముగ ఒక యాక్షేపణ చెప్పవచ్చును. ఆ ప్రయోగములలో నేర్పినవారు ప్రత్యేకముగ తరిఫీదైన నిపుణులు. పల్లెలోని ఆశా కార్యకర్తకు అది సాధ్యమా? మన గోదావరి గ్రామములలోనే దీనిని పరీక్షించిరి. గోడపత్రములు, వీధినాటకములు, ఊరేగింపులు, సభలతో ఊరంతకును ఆరోగ్యబోధ చేసిచూడగా ప్రజల తెలివిడిలో చెప్పదగిన భేదము కనబడలేదని 2012లో తేలినది. పిమ్మట పశ్చిమగోదావరి జిల్లాలో 54 గ్రామముల ఆశా కార్యకర్తల చేతికి ఎలెక్ట్రానిక్ పలకల నిచ్చి, గుండెజబ్బు ప్రమాదమును లెక్కించి వైద్యునియొద్దకు పంపు ఏర్పాటు చేసిరి. రక్తపుపోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యలో ఏర్పాటు గల యూళ్లకును లేని యూళ్లకును పెద్ద భేదము లేదని 2019లో ప్రకటించిరి. కేరళలో నెయ్యాట్టింకర తాలూకాలో తోటి గ్రామస్థులనే నాయకులుగ తీర్చి సుమారు వేయిమందితో నడపిన ప్రయత్నములో మద్యము తగ్గినది, పండ్లు కూరలు తినుట పెరిగినది. మధుమేహము మాత్రము నిశ్చయముగ తగ్గెనని చెప్పుటకు తగిన భేదము రెండేండ్లలో రాలేదు.

ఈ అపజయములను దాచి మాటలాడువారితో మేము ఏకీభవింపము. వీనినుండియే నేర్వవలసియున్నది. బంగ్లాదేశము, పాకిస్థాను, సింహళముల పల్లెలలో 2,645 మంది రక్తపుపోటు రోగులతో జరిగిన మరియొక ప్రయత్నము 2020లో వెలువడినది. అచట గ్రామసేవకులు ఇండ్లకు పోయి పోటు కొలిచి, అలవాట్లను గూర్చి మాటలాడిరి. పోటు తగ్గనివారిని తరిఫీదు పొందిన వైద్యునియొద్దకు పంపిరి. రెండేండ్లలో ఆ గ్రామములవారి పోటు తక్కిన గ్రామములకంటె సగటున 5 పాయింట్లకు పైగ తగ్గెను. చూచుటకిది స్వల్పమే యైనను, కోట్లమందిలో అంత తగ్గిన పక్షవాతములు వేలకొలది తప్పును. గోడపత్రమునకును, ఎలెక్ట్రానిక్ పలకకును, గడపయొద్దకు మరల మరల వచ్చి కూర్చుండు మనిషికిని గల భేదమే ఈ ఫలితముల భేదమని మా యభిప్రాయము. పనిముట్టు నిచ్చితిమి, పని నేర్పలేదు.

ఏది ఆ పని? మాటలాడుట. మాటలాడుట నేర్పవలయునా యని కొందరు నవ్వవచ్చును. అమెరికాలో మిల్లరను మనస్తత్త్వజ్ఞుడు త్రాగుబోతులకు వైద్యము చేయుచు 1983లో ఒక సంగతి ప్రకటించెను. వైద్యుడు ఎదిరించి వాదించినకొలది రోగి తన యలవాటునే సమర్థించుకొనును. అడిగి, ఓపికతో విని, మారుటకు గల కారణమును రోగినోటనే చెప్పించినచో మారుట కవకాశము హెచ్చును. మన గ్రామములలో సంబంధములు కుదుర్చు పెద్దలకు ఈ విద్య పుట్టుకతో తెలియును. వైద్యశాలలలో మాత్రము నశించినది. ఉదాహరణకు సేవకురాలు ఇట్లనవచ్చును: "బాబాయిగారూ, అన్నము, ఊరగాయ, చుట్ట, ఈ మూడింటిలో మీకు ఏది తగ్గించుట సులువనిపించును?" ఆయన, "చుట్ట నా ప్రాణము, అమ్మాయీ, దాని జోలికి రాకు. రాత్రి పెరుగన్నములో ఊరగాయ మానగలను" అనును. అంతటితో నామె తృప్తిపడవలయును. చుట్టకై నేడు తగవులాడరాదు. "మంచిది, పదునైదు దినములకు వచ్చి పోటు చూచెదను" అని చెప్పి, చెప్పిన దినమున రావలయును. పోటు నాలుగు పాయింట్లు తగ్గినదని చూపిననాడు చుట్ట మాట ఆయనయే ఎత్తవచ్చును. ఎత్తకున్న మరునెల యున్నది.

ఇది ఉపన్యాసముతో వచ్చు విద్య కాదు. ఇప్పటి శిక్షణము కొలది దినములు హాలులో కూర్చుండబెట్టి తెరపై బొమ్మలు చూపుటతో ముగియుచున్నది. వ్యాధి లక్షణములు, మార్కుల పట్టిక, ఫోనులో వివరము లెక్కించు విధము నేర్పుచున్నారు. వినుట నేర్పుట లేదు. ఇద్దరిద్దరుగ కూర్చుండి ఒకరు రోగిగ, ఒకరు సేవకురాలుగ నటించి, మూడవవారు తప్పులెన్నవలయును. పిమ్మట అనుభవముగల నర్సు వెంటబోయి, ఇంటిలో జరిగిన సంభాషణను చూచి, బయటికి వచ్చినపిమ్మట సరిదిద్దవలయును. మహారాష్ట్రమున జామ్‌ఖేడ్ ప్రాంతమున 1970లో పనికి పూనుకొన్న ఆరోలే దంపతులు నిరక్షరాస్యలైన గ్రామస్త్రీలను ఆరోగ్యసేవకులుగ తీర్చిదిద్దిరి. వారి రహస్యము పెద్దది కాదు: వారమునకొకసారి ఆ స్త్రీలు కేంద్రమునకు వచ్చి, ఆ వారము తాము చూచినదానిని చెప్పుకొని, నేర్చుకొని పోయెడివారు. మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఆశా కార్యకర్తల నెలసరి సమావేశము లిదివరకే యున్నవి. అవి లెక్కలు ఒప్పజెప్పుటకును, మాటలు పడుటకును వినియోగపడుచున్నవి. అందులో ఒక గంట ఈ పనికి మిగిల్చిన క్రొత్తగ కాసైన ఖర్చు లేదు.

తీరిక యెక్కడిదని వారడిగిన మన యొద్ద జవాబు ఉండవలయును. గర్భిణుల లెక్క, టీకాల లెక్క, క్షయ, మలేరియా, కుష్ఠు, ప్రతి సర్వేయు ఆమె నెత్తిపైననే. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మన ఆశా కార్యకర్తలను సన్మానించినది, మనము గర్వించితిమి. వేతనమను మాట మాత్రము వారి విషయమున నేటికిని కాగితములలో లేదు, పారితోషికమే. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిని నెలకు 10,000 రూపాయలు చేయుట కొంత న్యాయము. అయినను కాన్పునకు తీసికొనిపోయిన ఇంత, టీకా వేయించిన ఇంత యని పనికి ధరకట్టు పద్ధతిలో, ఒక రోగియొద్ద అరగంట కూర్చుండి వినుటకు ధర లేదు. ధర లేని పని మొదట మానబడును. ఇది ఆమె దోషము కాదు.

మందుల సంగతి మరువరాదు. అలవాట్లు మార్చుకొనుమని చెప్పుట మాత్రల కొరతను కప్పిపుచ్చు ముసుగు కారాదు. పోటు హెచ్చుగ నున్నవానికి మాత్రయు కావలయును, మార్పును కావలయును. ఉపకేంద్రములో మందు నిండుకొని ఒక నెల తిప్పి పంపినచో సేవకురాలి మాటకు ఊరిలో విలువ యుండదు. రోగి మారకున్న ఆతని సోమరితనమని నిందించు నలవాటు వైద్యులలో గలదు; శిక్షణము మొట్టమొదట పోగొట్టవలసినది దీనినే.

పాఠకులతో నొక మాట. మీలో భూవసతి గలవారు, పట్టణములలో వ్యాపారోద్యోగములు చేయువారు హెచ్చు. ఆశా కార్యకర్త తరచుగ పేదయింటి కోడలు. ఆమె మీ యరుగుక్రింద నిలిచి "అయ్యగారూ" యని పిలిచినప్పుడు, మీ నడుము కొలత యామెకేలయని నవ్వి పంపినవారు మనలో లేరా? జబ్బు ముదిరినపిమ్మట విజయవాడకో హైదరాబాదుకో పోయి వేలు పోయుదుము గాని, ఊరి యామె చెప్పిన చెంచాడు ఉప్పును చెవినబెట్టము. పెద్దయింటివారు వినని మాటను పేటలోనివారు విందురా? ఆమె వచ్చినప్పుడు లోనికి పిలిచి, కుర్చీ వేసి, ఇంటిలోని స్త్రీలను కూడ పిలిచి కూర్చుండబెట్టిన ఆమె శిక్షణములో సగము మీరే పూర్తిచేసినవా రగుదురు. పంచాయతీ సభ్యులుగ నున్నవారు బడి యావరణను ఉదయ సాయంకాలములు నడచుటకు తెరపించి, రెండు దీపములు పెట్టించవచ్చును. పెండ్లి భోజనములలో ఊరగాయలు నాలుగు రకములు లేకున్న మర్యాదకు లోపమగునని తలంచుచున్నాము. దీనిని గూర్చి వేరొకప్పుడు వ్రాసెదము.

ప్రభుత్వములను మేము కోరునవి కొన్నియే. క్రొత్త పథకము వలదు, క్రొత్త పేరు అసలే వలదు. ఉన్న శిక్షణములో సంభాషణాభ్యాసమును చేర్చి, ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందు ఒక నర్సుకు ఇతరులను సరిదిద్దు బాధ్యత నొప్పగించి, నెలసరి సమావేశములో గంట కేటాయింపవలయును. రోగియొద్దకు మరల పోయిన దినమును, ఆతడు ఒప్పుకొన్న ఒక మార్పును, అది నిలిచినదా లేదా యనునదియు వ్రాయుటకు రిజిస్టరులో గడి పెట్టవలయును. పరీక్షించినవారి సంఖ్యకు బదులు పోటు అదుపులో నున్నవారి సంఖ్యను జిల్లా వైద్యాధికారులు నెలనెల అడుగవలయును. 2017 చివరను ఆరంభమైన జాతీయ రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమము తెలంగాణములోని కొన్ని జిల్లాలలో ఈ లెక్కనే యడుగుట మొదలుపెట్టినది. దానిని రెండు రాష్ట్రములలోని ప్రతి యుపకేంద్రమునకు విస్తరించి, ఆ యంకెలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించినయెడల, ఏ యూరిలో పని జరుగుచున్నదో ఆ యూరివారే చూచుకొందురు.